రెండు నూనెల పద్దు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాసము)



పల్లెటూరి గ్రంథాలయమున దూరదేశముల వర్తకమును గూర్చిన ప్రసంగ మేల యని కొందరు శంకింపవచ్చును. కాని తాలింపు వేయునది నూనె. పొలములో ఇంజను నడుపునదియు నూనెయే. ఆ నూనె ఎక్కడ పుట్టి ఎక్కడికి పోవుచున్నదో, ఎవరి చేతి సొమ్ము ఎవరి చేతికి మారుచున్నదో తెలిసికొనుట మన యింటి పద్దు తెలిసికొనుట వంటిదే. అందుకు ఆఫ్రికా ఖండమందలి నైజీరియా, ఆగ్నేయాసియా యందలి ఇండోనేషియా దేశముల వర్తకముకంటె మంచి పాఠము దొరకదు.

ఈ రెండును పెద్ద సంసారములు. నైజీరియా జనసంఖ్య 20 కోట్లకు పైబడినది. ఇండోనేషియా జనసంఖ్య 27 కోట్లకు పైబడినది. మొదటిది ఆంగ్లేయుల ఏలుబడి నుండి 1960లో స్వతంత్రమైనది. రెండవది 1945లో స్వాతంత్ర్యము ప్రకటించుకొని, నాలుగేండ్లు పోరాడి, 1949లో డచ్చివారి నుండి అధికారమును గైకొన్నది. రెంటికిని భూమిలో చమురు కలదు, నేలపై వర్షము కలదు. ఇంతవరకు పోలిక. ఇక వింత యేమనగా, ఒకనాడు లోకమునకు పామాయిలు పోసిన నైజీరియా నేడు పామాయిలు కొనుచున్నది. ఒకనాడు లోకమునకు చమురు పోసిన ఇండోనేషియా నేడు నైజీరియా చమురును కొనుచున్నది. ఈ తారుమారు ఎట్లు జరిగినదో చూతము.

ముందుగా పామాయిలు సంగతి. ఆ చెట్టునకు పుట్టినిల్లు పశ్చిమాఫ్రికా. మన గీతవారు మోకు కట్టుకొని తాడి నెక్కినట్లే అక్కడి మగవారు తాడు కట్టుకొని ఆ చెట్లెక్కి గెలలు కోయుదురు; ఆడువారు పండ్లుడికించి, దంచి, ఎర్రని నూనె తీయుదురు. పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండులో యంత్రములు పెరిగినకొలది కందెనకును, సబ్బులకును, కొవ్వొత్తులకును ఆ నూనె కావలసివచ్చెను. నైజరు నది సముద్రమున గలియుచోట గల పాయలకు ఆంగ్లేయులు ‘నూనె నదులు’ అనియే పేరు పెట్టిరి. అప్పటికి ఆ నేలలో భూతైలము కలదని ఎవ్వరికిని తెలియదు. ఆ పేరు పామాయిలును బట్టి వచ్చినదే.

ఆ నదీముఖమున ఒపోబో అను చిన్న రాజ్యమును జాజా అను నాతడు ఏలెను. బానిసగా అమ్ముడువోయి, వర్తకమున పైకివచ్చి, రాజైన వాడాతడు. తెల్ల వర్తకులు తన్ను దాటి లోపలి గ్రామములకు పోయి నూనె కొనరాదని అతడు పట్టుపట్టెను. 1887లో ఆంగ్లేయ ప్రతినిధి ఆతనిని సంప్రదింపులకని పిలిచి, ఓడ నెక్కించి దేశాంతరము పంపెను. 1891లో తిరిగి వచ్చుచు త్రోవలోనే అతడు మరణించెను. 1929లో నూనె ధర పడిపోయి, ఆడువారిపై కూడ పన్ను వేయుదురను భయము పుట్టగా, అదే ప్రాంతపు స్త్రీలు వేలకొలది కదలిరి. కాల్పులలో ఏబదిమందికి పైగా స్త్రీలు ప్రాణములు గోల్పోయిరి. నూనె ధర యనునది పత్రికలో అచ్చుపడు అంకె మాత్రమే కాదని ఈ కథలు చెప్పుచున్నవి.

ఇట్లుండగా 1848లో ఆ చెట్టు మొక్కలు నాలుగింటిని డచ్చివారు జావా ద్వీపమందలి బోగోరు ఉద్యానవనమున నాటిరి. చాలకాలము అవి అలంకారపు చెట్లుగానే యుండెను. 1911 మొదలు సుమత్రాలో వానిని తోటలుగా పెంచిరి. నాలుగు మొక్కలతో ఆరంభమైన ఆ సేద్యము నేడు ప్రపంచపు పామాయిలులో సగమునకు పైగా ఇండోనేషియాయే పండించునంతగా పెరిగినది.

ఇక భూతైలము. సుమత్రా ద్వీపమున ఒక డచ్చి పొగాకుతోటల నిర్వాహకుడు వర్షములో తలదాచుకొని, అక్కడివారి కాగడా ఎంతకును ఆరకుండుట చూచి, ఆ జిడ్డు ఎక్కడిదని ఆరా తీసెనని చెప్పుదురు. 1885లో అతని బావిలో చమురు పడెను. 1890లో రాయల్ డచ్ కంపెనీ ఏర్పడెను. నైజీరియాలో చమురు పడినది 1956లో, ఒలోయిబిరి అను పల్లెయందు. 1958లో మొదటి ఓడ పరదేశమునకు వెడలెను. చమురు ఎగుమతి దేశముల కూటమియైన ఒపెక్కులో ఇండోనేషియా 1962లోను, నైజీరియా 1971లోను చేరినవి.

1973లో పశ్చిమాసియా యుద్ధము వచ్చి, పీపా చమురు 3 డాలర్ల దరిదాపుల నుండి 1974 ఆరంభమునకు 11, 12 డాలర్ల కెక్కెను. రెండు దేశముల ఖజానాలలోను సొమ్ము వరదవలె వచ్చిపడినది. వరద వచ్చినపుడే కట్టల బలము తెలియును.

నైజీరియాలో డాలర్లు పెరిగినకొలది అచటి నాణెమైన నైరా ప్రియమయ్యెను. నాణెము ప్రియమైన దేశమున పరదేశపు సరకు చౌక. ఓడరేవులో దిగిన బియ్యము, నూనె, పల్లెలో పండిన వానికంటె చౌకగా దొరకగా, రైతు గెల కోయుట మానెను; యువకులు పట్టణముల దారి పట్టిరి. 1967 మొదలు 1970 వరకు జరిగిన అంతర్యుద్ధము పామాయిలు పండు తూర్పు సీమనే చిన్నాభిన్నము చేసియుండెను. అంతకుముందు సర్కారు కొనుగోలు మండలులు రైతునకు ప్రపంచపు ధరకంటె తక్కువ ముట్టజెప్పి మిగులును తామే ఉంచుకొనుటచే కొత్త మొక్క నాటు ఉత్సాహమును పోయియుండెను. చమురు ఒక్కటే ఎగుమతి రాబడిలో పదింట తొమ్మిది వంతుల కెక్కినది. 1986లో ధర కూలగా సంసారమంతయు కూలినట్లయ్యెను. 2016లోను అట్లే జరిగి, పాతికేండ్లలో మొదటిసారిగా దేశపు మొత్తపు ఉత్పత్తియే తగ్గెను.

ఇండోనేషియావారు తప్పులు చేయలేదని కాదు. వారి సర్కారు చమురు సంస్థ పెర్తమీనా 1975లో వేయి కోట్ల డాలర్లకు మించిన అప్పులో మునిగెను. కాని ఆ దెబ్బతో వారు మేలుకొనిరి. 1978లో తమ నాణెమైన రుపియా విలువను తామే తగ్గించుకొని, పొలములోని సరకు అమ్ముడువోవునట్లు చేసిరి. భూమిలోని వాయువుతో ఎరువులు చేసి రైతులకు పంచిరి, కాలువలు బాగుచేసిరి. ప్రపంచమున అత్యధికముగా బియ్యము కొనుచుండిన ఆ దేశము 1984 నాటికి తన తిండి తాను పండించుకొన్నది. పామాయిలు తోటలలో చిన్న రైతులకును పాలు కల్పించిరి. నేటికిని ఆ తోటల విస్తీర్ణములో ఇంచుమించు నూటికి నలుబది వంతులు చిన్న రైతులవే.

ఈ లాభమునకు ఖర్చు పద్దు కూడ కలదు. తోటల కొరకు అడవులు నరికిరి. 2015లో రేగిన మంటల పొగ పొరుగు దేశములను సైతము కప్పినది. నైజీరియాలోని ఖర్చు నీటిలో కనబడును. నదీముఖమందలి ఒగోని సీమ చమురు ఒలుకులచే పాడయ్యెను. దానిని బాగుచేయుటకు 25 నుండి 30 సంవత్సరములు పట్టవచ్చునని ఐక్యరాజ్య సమితి పర్యావరణ సంస్థ 2011లో తెలిపినది. జమ వ్రాసి ఖర్చు వ్రాయని చిట్టా చిట్టా కానేరదు.

కాలక్రమమున ఇండోనేషియా బావులు ముదిరినవి, వాహనములు పెరిగినవి. 2004 ప్రాంతమున అది అమ్ముటకంటె కొనుటయే ఎక్కువైన దేశముగా మారి, 2009లో ఒపెక్కు నుండి తొలగెను. 2016 జనవరిలో మరల చేరి, ఆ నవంబరులోనే మరల తప్పుకొన్నది. అప్పుడు గంధకము తక్కువగా గల నైజీరియా తేలిక చమురు దానికి ముఖ్యావసరమైనది. గినీ తీరపు రేవులలో నిండిన ఓడలు గుడ్‌హోప్ అగ్రమును చుట్టి, హిందూ మహాసముద్రమును దాటి, వారములకొలది ప్రయాణించి ఆ ద్వీపములకు చేరును. లెక్క డాలర్లలో జరుగును. మారుగా ఇండోనేషియా నుండి పామాయిలు సరకులు, కాగితము, మందులు మున్నగునవి నైజీరియాకు వెళ్లును. అవి చమురు విలువ ముందు స్వల్పము. కావుననే ఈ వర్తకమున చాలకాలముగా జమ నైజీరియాది, లోటు ఇండోనేషియాది.

చిట్టా అడుగుగీత మాత్రమే చూచువారు నైజీరియా గెలిచినదందురు. పై పద్దులు చదువువారు తొందరపడరు. ముడిచమురు అమ్మిన నైజీరియా, తన సర్కారు శుద్ధి కర్మాగారములు మూలబడుటచే, పెట్రోలును పరదేశముల నుండి కొనుచు వచ్చెను. వడ్లమ్మి బియ్యము కొనుక్కొన్న రైతు సంగతియే ఇది. లేగోసు సమీపమున దినమునకు ఆరున్నర లక్షల పీపాల శక్తిగల ప్రైవేటు కర్మాగారము 2024లో పని ప్రారంభించుటతో ఈ కొరత తీరు మార్గ మేర్పడినది.

వేరొక చిన్న సరకు కథ చెప్పవలెను. ఇండోనేషియాలో పుట్టిన ‘ఇండోమీ’ అను సేమ్యా వంటి తిండిని 1988లో నైజీరియాకు తెచ్చి అమ్మిరి. తెచ్చినది తోలారాం అను వర్తక సంస్థ; 1948లో జావాలోని మలాంగు పట్టణమున ఒక సింధీ కుటుంబము పెట్టిన దుకాణమే దానికి మూలము. 1995లో ఆ సంస్థ నైజీరియాలోనే కర్మాగారము కట్టగా, ఆ పొట్లము నేడు అక్కడి పిల్లల కెల్ల పరిచితము. ముడిచమురు ఓడతోబాటే వెళ్లిపోవును. కర్మాగారము నిలిచి పదిమందికి పని చూపును.

ఈ రెండు దేశములును 1997లో ఎనిమిది దేశములతో ఏర్పడిన ‘డి-8’ అను కూటమిలో సభ్యులు. సుంకములు తగ్గించుకొను ఒడంబడికపై ఆ కూటమి 2006లో బాలి ద్వీపమున సంతకములు చేసెను. సుంకము తగ్గిన మాత్రమున వర్తకము పెరుగదు. అమ్ముటకు నాలుగు విధముల సరకు ఉండవలెను.

భారతము సభాపర్వమున నారదుడు ధర్మరాజును కుశలమడుగుచు, వ్యయము ఆదాయములో తగిన భాగమునకు లోబడియున్నదా యనియు, సేద్యము వానపైననే ఆధారపడకుండ చెరువులు త్రవ్వించితివా యనియు ప్రశ్నించును. చమురు ధర కూడ వాన వంటిదే. వచ్చినపుడు వచ్చును, రానపుడు రాదు. చెరువు త్రవ్వినవాడే బ్రదుకును.

ఇందు మనకు సంబంధము లేకపోలేదు. నైజీరియా సీమ చెట్టు నేడు ఏలూరు, అశ్వారావుపేట ప్రాంతముల తోటలలో పెరుగుచున్నది. దానికై పెదవేగిలో జాతీయ పరిశోధన సంస్థయు కలదు. 2022 ఏప్రిల్ 28న ఇండోనేషియా పామాయిలు ఎగుమతిని నిలిపివేయగా మన వంటిండ్లు ఉలికిపడినవి. కొనువారు లేక గెలల ధర పడిపోగా అక్కడి చిన్న రైతులే రాజధానిలో మొర పెట్టుకొనిరి. మే 23న ఆ నిషేధము తొలగెను. కోసిన గెలను ఒకటి రెండు దినములలో ఆడింపనిచో నూనె చెడును. కావున ఆ రైతు ధరకై వేచియుండలేడు. తోట వేయువారు ఈ సంగతి ఎరిగి వేయవలెను. దొడ్డిలో పాడిని, చేలో పప్పుధాన్యమును విడువక వేయవలెను.

నాలుగు మొక్కలు ఒక దేశపు రాతను మార్చినవి. గ్రంథాలయమందలి నాలుగు పుస్తకములును అట్టివే. పాతికేండ్ల క్రిందట నాటిన ఈ మొక్క ఇంకను ఎదిగి, మన పిల్లలకు లోకపు చిట్టాను అడుగుగీత మాత్రమే కాక మొదటి పద్దు నుండియు చదువు నేర్పు నిచ్చుగాక.

స్వస్తి.