సశేషము

వారపత్రికలలో సీరియల్ నవలలు చదివిన ఇండ్లలో 'సశేషము' అను మాట తెలియనివారుండరు. కథానాయిక తలుపు తీయును. ఎదుట ఎవరు నిలుచుండిరో చెప్పక, రచయిత పుట అడుగున ఆ నాలుగక్షరములు వ్రాసి వెడలిపోవును. ఇంటిల్లిపాదియు వారము దినములు ఆ గుమ్మములోనే నిలిచియుందురు. పత్రిక వచ్చిన దినమున ముందుగా ఎవరు చదువవలెనని అక్కాచెల్లెండ్రు వాదులాడుకొందురు. ఎట్లయినను వారము గడచును. తలుపు వెనుక ఎవరున్నారో తెలియును.

ఆ తరువాయి భాగము పదేండ్లకైనను రాకపోయినచో? రచయిత బ్రతికియుండియు, పత్రిక చక్కగా నడచుచుండియు, వచ్చునని గాని రాదని గాని ఎవ్వరును ఒక్క మాట చెప్పకపోయినచో? అట్టి నిరీక్షణ చేసినవారు లోకమున లక్షలమంది గలరు. వారిలో మేమును ఉన్నాము. మేము ఎదురుచూచినది నవల కొరకు కాదు, ఒక వీడియో గేము కొరకు.

ఈ మాట వినగానే పెద్దలు నవ్వవచ్చును. అందునను అది తుపాకి ఆట. షూటర్ అని పిలువబడు ఈ జాతి ఆటలలో ఆడువాడు కథానాయకుని కన్నులతోనే లోకమును చూచును. తెర అడుగున చేతులును తుపాకియు మాత్రమే కనబడును. అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున ఇడ్ సాఫ్ట్‌వేర్ అను సంస్థ 1993 డిసెంబరులో విడుదల చేసిన 'డూమ్' ఈ పద్ధతిని లోకమంతట వ్యాపింపజేసినది. ఆ ఆటలలో కథ నామమాత్రము. తలుపు తెరచుట, రాక్షసుని కాల్చుట, మరియొక తలుపు వెదకుట, ఇంతే.

1998 నవంబరులో వచ్చిన 'హాఫ్ లైఫ్' ఈ తీరును మార్చినది. దానిని నిర్మించినది వాషింగ్టన్ రాష్ట్రమునకు చెందిన వాల్వ్ సంస్థ. మైక్రోసాఫ్టులో పనిచేసి బయటికి వచ్చిన గేబ్ న్యూవెల్, మైక్ హారింగ్టన్ అనువారు 1996లో దానిని స్థాపించిరి. ఈ ఆటలో నాయకుడు గోర్డన్ ఫ్రీమన్ సైనికుడు కాడు, భౌతికశాస్త్రజ్ఞుడు. ఆట ఆరంభమున అతడు భూగర్భములోని ప్రయోగశాలకు చిన్న రైలుపెట్టెలో ఉద్యోగమునకు పోవుచుండును. పలు నిమిషములవరకు తుపాకియే లేదు. ప్రయోగము వికటించి అన్యలోకపు జీవులు వచ్చి పడిన పిమ్మట అతనికి దొరకు మొదటి ఆయుధము ఒక ఇనుపకడ్డీ. కథ చెప్పుటకై ఆటను ఆపి సినిమా చూపుట అందులో లేదు. నాయకుడు మొదటినుండి చివరివరకు ఒక్క మాటయు పలుకడు. అందువలన ఆడువాడే ఆ నాయకుడై, జరిగినదంతయు తనకే జరిగినట్లు తలచును.

ఈ ఆటతో మాకు పరిచయము కలిగిన విధము చిత్రమైనది. 2000 తరువాత హైదరాబాదులో ఇంటర్నెట్ సెంటర్లు వీధివీధికి వెలసెను. గంటకు ఇంత యని చెల్లించి విద్యార్థులు అక్కడ 'కౌంటర్ స్ట్రయిక్' ఆడుచుండిరి. ఆ కౌంటర్ స్ట్రయిక్ హాఫ్ లైఫ్‌కు పుట్టిన బిడ్డయే. మిన్ లీ, జెస్ క్లిఫ్ అను ఇద్దరు యువకులు 1999లో హాఫ్ లైఫ్‌ను ఆధారముగా చేసికొని దానిని అల్లిరి. పిదప వాల్వ్ సంస్థ దానిని తనదిగా చేసికొన్నది. అది నడుచుటకు మూలమైన ఆట కూడ కంప్యూటరులో ఉండవలెను. ఒక వానసాయంకాలము తోడి ఆటగాండ్రు రాకపోగా, ఊరక కూర్చుండలేక మేము ఆ మూలమును తెరచితిమి. సెంటరు మూయువేళ యజమాని వచ్చి లేపువరకు మాకు కాలము తెలియలేదు.

రెండవ ఆట వచ్చుటకే కష్టములు పడినది. 2003 సెప్టెంబరులో వచ్చునని ప్రకటించిరి. ఆ తేదీ తప్పినది. అంతలో వారి ప్రోగ్రాము దొంగిలింపబడి ఇంటర్నెట్టులో బయటపడినది. తుదకు 2004 నవంబరులో వచ్చి ఎల్లరచే ప్రశంస పొందినది. ఇకపై అభిమానులను ఏండ్లతరబడి నిలుపరాదని, చిన్న చిన్న భాగములుగా కథను త్వరత్వరగా అందింతుమని వాల్వ్ సంకల్పించినది. 2006 జూనులో మొదటి భాగము, 2007 అక్టోబరులో రెండవ భాగము వచ్చెను. రెండవ భాగము చివర ఎలై వాన్స్ అను వృద్ధ శాస్త్రజ్ఞుడు శత్రువుల చేతిలో మరణించును. కుమార్తె ఆలిక్స్ తండ్రి దేహముపై పడి విలపించుచుండగా తెర నల్లబడును. మూడవ భాగముతో ఆ కథ ముగియవలసియుండెను.

అది రాలేదు. ఆలస్యము అగునని చెప్పిన మాట కొంతకాలమునకు ఆగిపోయినది. పిదప ఏమియు లేదు. వాల్వ్‌కు మూడువరకు లెక్కించుట రాదను పరిహాసము పుట్టినది. ఎక్కడ మూడను అంకె కనబడినను అందులో సూచన వెదకుట అభిమానులకు అలవాటైనది. 2012 ఫిబ్రవరిలో ఒక దినమున వేలకొలది అభిమానులు పాత ఆటను ఒకేవేళ తెరచి ఆడిరి. వారు అడిగినది ఆటను తెచ్చి ఇమ్మని కాదు. తమతో ఒక మాట చెప్పుమని.

ఎంతకాలమైనను సరే, వచ్చిన చాలును కదా యని కొందరు అందురు. అందుకు మరియొక ఆట కథ చెప్పవలెను. 'డ్యూక్ న్యూకెమ్ త్రీడీ' 1996లో వచ్చి పేరు పొందినది. తరువాయి ఆటను 1997లోనే ప్రకటించిరి. ఎప్పుడు వచ్చునని అడిగినవారికి 'పూర్తియైనప్పుడు' అనునదే నిర్మాతల సమాధానము. ఆటను నడపు మూల ప్రోగ్రామును ఇంజన్ అందురు. ఒక ఇంజనుపై ప్రారంభించిన పనిని విడిచి మరియొకదానిపై మరల ప్రారంభించిరి. 2009లో పనివారిని పంపివేయవలసి వచ్చెను. వేరొక సంస్థ పూనుకొని 2011 జూనులో దానిని విడుదల చేసినది. పదునాలుగేండ్లు ఎదురుచూచి పొందినది పాతబడిన హాస్యము, పాతబడిన ఆట. విమర్శకులు పెదవి విరిచిరి. కావున నిరీక్షణకు ఫలము రాకయే అని మేము అనజాలము.

హాఫ్ లైఫ్ అభిమానులలో కొందరు వేరొక దారి పట్టిరి. నిర్మాతలను నిందించుచు కూర్చుండక, తమకు తెలిసిన పనిలో దిగిరి. జీతములేని ఔత్సాహికులు ఒక బృందముగా కూడి 1998 నాటి ఆటను క్రొత్త ఇంజనుపై అంగుళమంగుళముగా పునర్నిర్మించిరి. 'బ్లాక్ మీసా' అను పేరుతో అది చాలభాగము 2012 సెప్టెంబరులో ఉచితముగా లభించినది. మూలములో బలహీనములని అందరు అనుకొను చివరి అధ్యాయములను అప్పటికి విడిచిపెట్టి, పిదప ఏండ్లతరబడి శ్రమించి క్రొత్తగా తీర్చిరి. వాల్వ్ సంస్థ వారిని అడ్డగింపలేదు, అమ్ముకొనుటకును అనుమతించినది. 2020 మార్చిలో ఆ పని సమగ్రమైనది. ఎదురుచూచుట చేతకానివారు చేయు పని యని తలచువారికి ఇదియే మా సమాధానము.

రచయిత మౌనమును తన కలముతోనే విడిచెను. హాఫ్ లైఫ్ కథలు కూర్చిన మార్క్ లెయిడ్లా 2016లో సంస్థనుండి తప్పుకొన్న విషయము తెలిసినది. 2017 ఆగస్టులో అతడు పాత్రల పేర్లు మార్చి ఒక లేఖ రూపమున కథాసంగ్రహము ప్రకటించెను. అది మూడవ భాగపు కథయే యని చదివినవారందరు గ్రహించిరి. ఆ రాత్రి మేము దానిని రెండుమారులు చదివితిమి. అది ఆట కాదు. కాని ఎవరో తలుపు కొంచెము తెరచి లోపలి దీపము చూపినట్లు అయినది.

2020 మార్చి 23న వాల్వ్ 'హాఫ్ లైఫ్: ఆలిక్స్' విడుదల చేసినది. అది మూడవది కాదు, రెండవ ఆటకు పూర్వము జరిగిన కథ. తలకు తొడుగు పరికరము లేనిదే దానిని ఆడరాదు. వాల్వ్ వారి పరికరము పూర్తి సరంజామాతో అప్పట్లో 999 డాలర్లు ఉండెను. రెండు దినములలో మన దేశమున లాక్‌డౌన్ వచ్చెను. మావంటివారము అనేకులము ఇండ్లలో కూర్చుండి, ఇతరులు ఆడుచుండగా వీడియోలలో చూచితిమి. చివరి ఘట్టమున కథ మరల 2007 నాటి ఆ క్షణమునకు వచ్చినది. ఈమారు తండ్రి బ్రతికెను, కుమార్తె అపహరింపబడెను. వృద్ధుడు మూగనాయకుని చేతికి ఆ పాత ఇనుపకడ్డీ అందించెను. మరల సశేషము!

2024 నవంబరులో రెండవ ఆటకు ఇరువదేండ్లు నిండిన సందర్భమున వాల్వ్ ఒక డాక్యుమెంటరీ చిత్రము ప్రకటించినది. మూడవ భాగమునకై తాము చేసి విడిచిన పనిని అందులో చూపిరి. కేవలము కథను ముందుకు నడుపుట చాలదనియు, ఆటను ముందుకు కొనిపోవు క్రొత్తదనము తనకు తోచలేదనియు, అది తన వైఫల్యమే యనియు న్యూవెల్ భావము. ఆ సమాధానముతో ఏకీభవింపనివారు గలరు. కాని విని కోపగించినవారికంటె ఊపిరి పీల్చుకొన్నవారే మాకు తెలిసినవారిలో ఎక్కువ. పదునేడేండ్లకు ఒక మాట దొరికినది.

సశేషమని వ్రాసినవాడు చదువరికి ఋణపడును. ఆ ఋణము ఒక్కొక్కప్పుడు తీరకపోవచ్చును. చేతకానిదానిని చెడగొట్టి ఇచ్చుటకంటె ఈయకుండుటయే మేలు కావచ్చును. కాని మాట చెప్పుటకు ప్రతిభ అక్కరలేదు. రేడియో గల ఇండ్లవారికి ఇది మేము చెప్పనక్కరలేదు. కచేరీ నడుమ ప్రసారము ఆగిపోయినచో, మరల వినబడగానే అనౌన్సరు 'అంతరాయమునకు చింతించుచున్నాము' అనును. పోయిన కీర్తన తిరిగి రాదు. అయినను శ్రోత రేడియో కట్టివేయడు. ఆవల ఒక మనిషి యున్నాడని అతనికి తెలిసినది.

మీ ఇంట ఒక కుఱ్ఱవాడు రాని ఆట కొరకు ఎదురుచూచుచున్నచో, నవ్వకుడు. వానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, కథ ఎక్కడ ఆగినదో అడుగుడు. ఆ ఆట వచ్చినను రాకున్నను, అంతవరకు జరిగిన కథ వాడు మీకు చెప్పగలడు.