మన కొండలు: ఎక్కే ముందే దిగే గంట చూసుకోండి

పెదకాకాని నుంచి మాట్లాడుతున్నాను. ఈ ఎపిసోడ్‌లో కొండలెక్కడం గురించి చెప్పుకుందాం. దేవుడి దర్శనానికి ఎక్కడం ఒకటి, నడక కోసం, శిఖరం దాకా వెళ్ళి రావడం కోసం ఎక్కడం ఒకటి. ఇవాళ మాట్లాడేది ఈ రెండో దాని గురించి.

ఈ మధ్య మన కుర్రాళ్ళు ఫోన్లలో స్పెయిన్ కొండల వీడియోలు తెగ చూస్తున్నారు. గ్రనడా పక్కన సియెర్రా నెవాడా అని పర్వతాలున్నాయి. అందులో ములాసెన్ అనే శిఖరం ఎత్తు 3,479 మీటర్లు. స్పెయిన్ ప్రధాన భూభాగంలో అదే అన్నిటికన్నా ఎత్తు. ఎండాకాలంలో తాళ్ళూ గీళ్ళూ లేకుండా మామూలు జనం నడిచి వెళ్ళి వస్తారు. అది చూసి, "మన దగ్గర ఏముందండీ, పత్తి చేలు, మిరప చేలు తప్ప" అంటారు. 

ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. 3,479 అనేది సముద్ర మట్టం నుంచి కొలిచిన ఎత్తు. అక్కడ చాలామంది నడక మొదలుపెట్టేదే 2,000 మీటర్లు దాటిన చోట. అంటే కాళ్ళతో ఎక్కేది అందులో సగం కూడా ఉండదు. మన గుంటూరు నేల సముద్ర మట్టానికి సుమారు 30 మీటర్ల ఎత్తులో ఉంది. కాబట్టి మన కొండకి ఎంత ఎత్తు రాసి ఉంటే దాదాపు అంతా మన కాళ్ళే ఎక్కాలి. పైగా అక్కడ చల్లగాలి. ఇక్కడ మాచర్ల వైపు నుంచి వచ్చే వడగాలి. రెంటచింతల పేరు ఎండాకాలం వార్తల్లో ఎందుకు వస్తుందో మీకు చెప్పక్కర్లేదు. చిన్న కొండే కదా అని చెప్పులేసుకుని, ఒక నీళ్ళ బాటిల్ పట్టుకుని, పది గంటలకి బయల్దేరితే అసలు ప్రమాదం అక్కడే ఉంది.

సరే, మనకి దగ్గరలో ఉన్న మూడు కొండలు చూద్దాం.

మొదటిది మంగళగిరి. హైవే మీద వెళ్తుంటే పడుకున్న ఏనుగులా కనిపిస్తుంది. కింద లక్ష్మీనరసింహస్వామి, 153 అడుగుల గాలిగోపురం. అది 1807, 1809 మధ్య రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించింది. సగం కొండ మీద పానకాల స్వామి. కొండ కొమ్మున గండాలయం, అక్కడ దీపం పెడతారు. పానకాల స్వామి దాకా మెట్లున్నాయి. కొత్తవాళ్ళు ముందు ఇక్కడే పరీక్ష చేసుకోండి. పక్కవాళ్ళతో మాట్లాడుతూ ఆ మెట్లు ఎక్కగలుగుతున్నారా? ఎక్కగలిగితే మిగతా కొండలకి మీరు సిద్ధమే. మాట తెగి, ఆయాసం వచ్చి, ఊరికే కూర్చుంటున్నారంటే ఇంకో నెల ఇక్కడే ఎక్కండి. 

రెండోది కొండవీడు. రెడ్డి రాజులు అద్దంకి నుంచి రాజధానిని ఇక్కడికి మార్చుకున్నారు. 14వ శతాబ్దం మాట అది. 1515లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి ఈ కోటని గెలుచుకున్నాడు. ఇప్పుడు ఘాట్ రోడ్డు పడింది, కారులోనే పైకి పోవచ్చు. కానీ నడిచి ఎక్కితేనే ఆ కోట ఎందుకు అక్కడ కట్టారో అర్థమవుతుంది. బురుజులు, గోడలు సరే, పైన చెరువులు చూడండి. ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ళ చెరువు. కొండ మీద నీళ్ళు నిలవ చేయలేకపోతే ఎంత గట్టి గోడ కట్టినా లాభం లేదని వాళ్ళకి తెలుసు. మనకి కూడా అదే లెక్క. ఆ చెరువు నీళ్ళు మనం తాగడానికి కావు, మన నీళ్ళు మనమే మోసుకెళ్ళాలి. ఫిబ్రవరిలో ఎక్కితే కింద కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉంటాయి. అది పైనుంచి చూడాల్సిందే.

మూడోది కోటప్పకొండ. నరసరావుపేట దగ్గర. ఎటునుంచి చూసినా మూడు శిఖరాలు కనిపిస్తాయంటారు, అందుకే త్రికూటాచలం అన్నారు. బ్రహ్మ, విష్ణు, రుద్ర శిఖరాలు. ఇప్పుడు అందరూ దర్శనం చేసుకునే గుడి బ్రహ్మ శిఖరం మీద ఉంది. పాత కోటయ్య ఉన్నది రుద్ర శిఖరం మీద. శివరాత్రికి ప్రభలు కట్టుకుని లక్షల జనం వస్తారు. నడక కోసం వెళ్ళేవాళ్ళు ఆ రోజుల్లో కాకుండా మామూలు రోజు చూసుకోండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కొండ ఎక్కే ముందు ప్రతివాళ్ళూ "పైకి ఎన్ని గంటలు?" అని అడుగుతారు. అడగాల్సింది "ఎన్ని గంటలకి వెనక్కి తిరగాలి?" అని. శిఖరం అంటే సగం దారే. మిగతా సగం అలిసిపోయిన కాళ్ళతో, తగ్గిపోయిన నీళ్ళతో, పెరిగిన ఎండలో నడవాలి. కాలు జారేది, మడమ మెలిపడేది ఎక్కువగా దిగేటప్పుడే.

ఎవరెస్ట్ మీద కూడా గైడ్లు ఇదే పాటిస్తారు. మధ్యాహ్నం ఒంటి గంటకో రెండింటికో శిఖరం అందకపోతే, ఎంత దగ్గర్లో ఉన్నా వెనక్కి రావాలి. 1996 మే 10న ఆ వేళ దాటిపోయాక కూడా చాలామంది పైకి వెళ్తూనే ఉన్నారు. తుఫాను వచ్చింది. ఆ రాత్రి, మర్నాటి మధ్య 8 మంది చనిపోయారు.

మన పెద్దవాళ్ళు కూడా ఒక కట్టడి పెట్టారు, గమనించారా? మంగళగిరి కొండ మీద పానకాల స్వామికి సాయంత్రం తర్వాత దర్శనం లేదు. రాత్రిపూట దేవతలు వచ్చి పూజ చేసుకుంటారని నమ్మకం. నమ్మకం సంగతి అలా ఉంచితే, చీకటి పడ్డాక కొండ మీద మనిషి ఉండకూడదనే పద్ధతి అందులో ఉంది కదండీ.

కాబట్టి లెక్క ఇలా పెట్టుకోండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అయితే తెల్లవారుతూనే మొదలుపెట్టి, పది గంటలకి ఎక్కడున్నా వెనక్కి తిరగండి. మార్చి దాటితే ఎనిమిదింటికే. ఏప్రిల్, మే నెలల్లో అసలు వద్దు. రాయి రాత్రి కూడా చల్లారదు. మనిషికి మూడు లీటర్ల నీళ్ళు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు, తినడానికి ఏదైనా. నీళ్ళు సగం అయిపోయాయంటే గంట ఎంతైనా సరే, తిరగాల్సిందే. తోడున్నవాళ్ళు తడబడి మాట్లాడుతున్నా, ఒళ్ళు కాలిపోతున్నా అది వడదెబ్బ. నీడకి చేర్చి, ఒళ్ళు తడిపి, విసరండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. స్పృహ సరిగ్గా లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోయకండి.

తర్వాత దారి సంగతి. స్పెయిన్‌లో నడక దారులకి రాళ్ళ మీద రంగు గీతలుంటాయి. పెద్ద దారులకి తెలుపు, ఎరుపు. చిన్న దారులకి తెలుపు, పసుపు. గీత కనిపిస్తూ ఉన్నంతసేపు దారి తప్పలేదని ధైర్యం. మన కొండల మీద మెట్లు, రోడ్డు వదిలితే ఉండేవి మేకల దారులు. మేక ఎటైనా దిగుతుంది, మనం దిగలేం. కోటప్పకొండ కథలో గొల్లభామ ఆనందవల్లిని వెనక్కి తిరిగి చూడవద్దన్నాడు శివుడు. ఆమె చూసింది, స్వామి అక్కడే ఆగిపోయాడు. కథలో అలా ఉన్నా, నడకలో మాత్రం మనం తిరిగి చూడాలి. దారి చీలిన ప్రతిచోటా ఆగి, వెనక్కి తిరిగి, వచ్చేటప్పుడు అది ఎలా కనిపిస్తుందో చూసి ఫోన్లో ఫోటో తీసుకోండి. ఎక్కేటప్పుడు చూసిన దారి దిగేటప్పుడు వేరే దారిలా ఉంటుంది.

పాముల గురించి కూడా చెప్పాలి. పల్నాడు రాళ్ళల్లో రక్తపింజర ఉంటుంది, ఆకుల్లో కలిసిపోతుంది. కనిపించని సందులో చెయ్యి పెట్టొద్దు, బూట్లు లేకుండా పొదల్లోకి వెళ్ళొద్దు. కాటు పడితే కొయ్యడం, నోటితో లాగడం, గట్టిగా తాడు కట్టడం, ఇవేవీ వద్దు. కదలకుండా ఉంచి ఆసుపత్రికి మోసుకెళ్ళడమే. కొండ తేనెటీగల పట్టు కనిపిస్తే చప్పుడు చేయకుండా పక్కకి తప్పుకోండి, దాని దగ్గర పొగ పెట్టకండి.

ఇంత చిన్న కొండలకి ఇంత చెప్పాలా అంటారేమో. 2014 మే 25న మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆ అమ్మాయికి 13 ఏళ్ళ 11 నెలలు. నిజామాబాద్ జిల్లా పాకాల ఊరు, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువు. తనతో పాటు ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. వాళ్ళ శిక్షణ మొదలైంది హిమాలయాల్లో కాదు, మన భువనగిరి కోట రాయి మీద. 

ఇంకొకరి గురించి చెప్పకుండా ఉండలేను. మల్లి మస్తాన్ బాబు. నెల్లూరు జిల్లా సంగం మండలం, గాంధీ జనసంగం ఊరు. మనలాగే మైదానం మనిషి. కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివాడు. ఆ స్కూల్ పూర్వ విద్యార్థి లెఫ్టినెంట్ ఉదయ భాస్కరరావు 1985లో ఎవరెస్ట్ యాత్రలో ప్రాణం పోగొట్టుకున్నారు. ఆయనే మస్తాన్ బాబుకి స్ఫూర్తి. ఐఐటీ, ఐఐఎంలలో చదివి కూడా కొండలనే ఎంచుకున్నాడు. 2006లో ఏడు ఖండాల్లోని ఏడు ఎత్తైన శిఖరాలు 172 రోజుల్లో ఎక్కాడు. 2015 మార్చి 24న ఆండీస్ పర్వతాల్లో, అర్జెంటీనా చిలీ సరిహద్దు దగ్గర ఒంటరిగా శిఖరానికి బయల్దేరి తిరిగి రాలేదు. వాతావరణం పాడైంది. ఏప్రిల్ మొదట్లో ఆయన భౌతికకాయం దొరికింది. ఆ నెలలోనే సొంత ఊరికి తెచ్చి అంత్యక్రియలు చేశారు. అప్పటికి 40 ఏళ్ళు.

ఆయన అనుభవం ముందు మనమెంత అండి? ఆయన తప్పు చేశాడని చెప్పడానికి నాకు అర్హత లేదు. అంతటివాడికే కొండ ఒకరోజు దారి ఇవ్వలేదు కాబట్టి, కొత్తవాళ్ళు ఒంటరిగా వెళ్ళొద్దనే చెప్తున్నాను. కనీసం ముగ్గురు వెళ్ళండి. ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు దగ్గర ఉంటారు, ఒకరు కిందికి వచ్చి సాయం తెస్తారు. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి దిగుతారో కాగితం మీద రాసి ఇంట్లో ఇవ్వండి. ఆ గంట దాటితే ఎవరికి ఫోన్ చేయాలో కూడా రాయండి. అమ్మో నాన్నో "ఎందుకురా ఇదంతా" అంటారు, అయినా ఇవ్వండి.

ఈ నెలలో మంగళగిరి మెట్లు వారానికి రెండుసార్లు ఎక్కండి. వచ్చే నెల కొండవీడు. ఆ తర్వాత కోటప్పకొండ. శిఖరం ఇంకో పది నిమిషాల్లో ఉందనగా మీ గంట కొట్టిందనుకోండి, తిరిగి వచ్చేయండి. వచ్చే ఆదివారం కూడా ఆ కొండ అక్కడే ఉంటుంది.

వచ్చే ఎపిసోడ్‌లో బూట్లు, సంచీ ఎలా ఎంచుకోవాలో, తక్కువ ఖర్చులో గుంటూరులో ఏం దొరుకుతాయో చూద్దాం. అంతవరకు సెలవు. నమస్కారం.