నాలుగో ప్రెస్సు

(విద్యార్థుల సభల చేసిన ప్రసంగ పాఠం)



పత్రిక నడపాలంటే ఏం కావాలని అడిగితే కాగితం, సిరా, కొద్దిగ డబ్బు అంటరు. ఎలైజా లవ్‌జాయ్ అనే అమెరికా సంపాదకునికి మాత్రం ప్రెస్సుకు తుపాకులతోని కాపలా కావాల్సి వచ్చింది.

ఆయన 1802ల ఇప్పటి మెయిన్ రాష్ట్రంల పుట్టిండు. 1833ల మిసిసిపీ నది ఒడ్డున సెయింట్ లూయిస్ పట్నంల ‘అబ్జర్వర్’ పత్రికకు సంపాదకుడైండు. పాస్టరు గూడ. అది మనుషులను కొనుడు అమ్ముడు చట్టమే ఒప్పుకున్న మిస్సోరి రాష్ట్రం. మొదట్ల ఆయన బానిసత్వం మెల్లమెల్లగ పోవాలన్నడే గాని ఇప్పుడే పోవాలనలేదు. ఈ సంగతి దాచుడు నాకిష్టం లేదు. పుట్టుకతోనే వీరుడని రాసెటోళ్లు చానామంది ఉన్నరు.

1836 ఏప్రిల్ 28న ఫ్రాన్సిస్ మెకింతోష్ అనే నల్లజాతి కార్మికుణ్ని గుంపు జైల్లకెళ్లి గుంజుకొచ్చి, చెట్టుకు కట్టి పాణముండంగనే కాల్చింది. పట్టుకపోతున్న అధికారిని అతను పొడిచి చంపిన మాట నిజమే. గాని విచారణ ఏది? కేసు చూసిన జడ్జి, వేలమంది కలిసి చేసిన పనికి చట్టం ఏం చెయ్యలేదని జ్యూరీకి చెప్పిండు. పైకెళ్లి తప్పు పత్రికలదన్నడు. ఆ జడ్జి పేరు లాలెస్! ఆ మాటకు ఇంగ్లిషుల అర్థం చట్టం లేనోడని. కథకుడు పెట్టింది కాదు, ఆయన అసలు పేరే అది.

లవ్‌జాయ్ జడ్జిని కడిగేసిండు. ఆఫీసు ధ్వంసమైంది. బానిసత్వం లేని ఇల్లినాయ్‌కు, నది ఒడ్డునే ఉన్న ఆల్టన్‌కు పోయిండు. ఒడ్డుకు దిగిన రాత్రే ప్రెస్సును నదిల పడేసిండ్రు. 1837 ఆగస్టుల రెండోది పోయింది, సెప్టెంబర్‌ల మూడోది. నవంబర్ 3న ఊరి పెద్దలు మీటింగు పెట్టి ఊరిడిచి పొమ్మన్నరు. ఇక్కడనే చస్తగాని పోనన్నడు.

నవంబర్ 7న నాలుగోది వచ్చింది. నది పక్క రాతి గోదాములకు చేర్చి, ఇరవై మంది దాక కాపలున్నరు. రాత్రి గుంపొచ్చింది. రెండు దిక్కుల తుపాకులు పేలినయి. గుంపుల ఒకడు సచ్చిండు. నిచ్చెనేసి కప్పుకు నిప్పు పెట్టవోతుంటే ఆపనీకె బయటికొచ్చిన లవ్‌జాయ్‌కు అయిదు గుండ్లు తగిలినయి. 9న పాతిపెట్టిండ్రు. అది ఆయన ముప్పై అయిదో పుట్టినరోజు.

1838 జనవరిల కేసు నడిచింది. ప్రెస్సును కాపాడినోళ్ల మీద గూడ పెట్టిండ్రు కేసు! రెండు దిక్కులోళ్లను వదిలేసిండ్రు. ఎవ్వనికి శిక్ష పడలే.

అటు బోస్టన్‌ల, 1837 డిసెంబర్ 8న సంతాప సభ. ఆ రాష్ట్ర అటార్నీ జనరలే లేచి ఆల్టన్ గుంపును స్వాతంత్ర్య యోధులతోని పోల్చిండు. ఇరవై ఆరేండ్ల లాయరు వెండెల్ ఫిలిప్స్ లేచి అక్కడికక్కడనే జవాబు చెప్పిండు. ఆ రోజు నుంచి ముప్పై ఏండ్ల దాక ఆయన గొంతు ఆగలే. లవ్‌జాయ్ తమ్ముడు ఓవెన్ బానిసత్వం మీద కొట్లాడుకుంట పార్లమెంటు దాక పోయిండు, లింకన్‌కు దోస్తయిండు. 1865ల రాజ్యాంగ సవరణ వచ్చింది. అప్పటికి ఓవెన్ సచ్చిపోయి ఏడాది దాటింది.

దశాబ్దాల తర్వాత మిసిసిపీ నదిల ఒక ప్రెస్సు ఫ్రేం ముక్క దొరికింది. దాన్ని ఆల్టన్‌లనే దాచి పెట్టిండ్రు.