మా ఊరి అనోరిత్
(తల్లిదండ్రుల సదస్సులో చేసిన ప్రసంగానికి వ్రాతరూపం)

వేదిక మీద ఉన్న పెద్దలకూ, వెనక వరుసల్లో ఫోన్లు చూసుకుంటున్న చిన్నలకూ నమస్కారం.

నిర్వాహకులు నన్ను 'మన పిల్లలు, మన సంస్కృతి' అన్న విషయం మీద మాట్లాడమన్నారు. దాని గురించి నాకంటే బాగా చెప్పగలవాళ్ళు ఈ సభలో చాలామంది ఉన్నారు. పొద్దుటినుంచీ చెబుతూనే ఉన్నారు, మనం వింటూనే ఉన్నాం. అంచేత వారి అనుమతితో నేను విషయం కాస్త మార్చుకున్నాను. నాకు ఎంతో ఇష్టమైన ఒక పురుగు గురించి మాట్లాడతాను. దాని పేరు అనోరిత్. అది పోకెమాన్. నవ్వండి, ఫరవాలేదు. వెనక వరుసలో నలుగురు తలలెత్తారు, నాకు అది చాలు.

తెలియని పెద్దల కోసం రెండు ముక్కలు. జపానులో సతోషి తజిరి అని ఒకాయన ఉన్నాడు, 1965లో పుట్టినవాడు. టోక్యో శివారు మచిదాలో పెరిగాడు. చిన్నప్పుడు ఆయనకు పురుగులు పట్టడమంటే పిచ్చి. తోటి పిల్లలు 'పురుగుల డాక్టరు' అని పిలిచేవారట. మహానగరం పెరుగుతూ వచ్చి ఆ చెరువులనూ తోపులనూ మింగేసింది. తను పొందిన ఆ వేట ఆనందం ఊళ్ళలో పెరిగే పిల్లలకు మళ్ళీ ఇవ్వాలన్న కోరిక ఆయనకు కలిగింది. దానిలోంచి పుట్టిన ఆట 1996 ఫిబ్రవరి 27న జపానులో విడుదలైంది. గడ్డిలో నడుస్తారు, ఏదో ఒక జంతువు ఎదురవుతుంది, పట్టుకుంటారు, పెంచుతారు, స్నేహితుడితో మార్చుకుంటారు. మొదట 150 పైచిలుకు ఉండేవి, ఇప్పుడు 1000 దాటాయి. ఒక్కోదానికి ఒక పేరు, ఎత్తు, బరువు, స్వభావం. మా తరం అమరకోశం వల్లె వేసినట్టు పిల్లలు ఇవి వల్లె వేస్తారు.

అనోరిత్ మొదటి ఆటల్లో లేదు. 2002 నవంబరులో జపానులోనూ, 2003 జులైలో ఐరోపాలోనూ వచ్చిన రూబీ, సఫైర్ ఆటల్లో వచ్చింది. అప్పుడు మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు. ఆటలో ఒక ఎడారి ఉంటుంది. ఎప్పుడూ ఇసుక తుఫానే, ప్రత్యేకమైన కళ్ళద్దాలు సంపాదించుకుంటే తప్ప లోపలికి పోనివ్వదు. ఆ ఇసుకలో రెండు శిలాజాలు పడి ఉంటాయి. క్లా ఫాసిల్, రూట్ ఫాసిల్. తెలుగులో చెప్పుకుంటే గోరు శిలాజం, వేరు శిలాజం. రెంటిలో ఒకటే తీసుకోవాలి. ఒకటి చేతిలోకి తీసుకోగానే రెండోది ఇసుకలో కూరుకుపోతుంది, మళ్ళీ దొరకదు. వేరు తీసుకున్నవాడికి లిలీప్ వస్తుంది. అది సముద్రపు లిల్లీ అనే ప్రాణి పోలిక. గోరు తీసుకున్నవాడికి అనోరిత్. రెండూ కావాలంటే కేబుల్ పట్టుకుని, రెండోది తీసుకున్న స్నేహితుడి ఇంటికి వెళ్ళవలసిందే. మావాడు గోరు తీసుకున్నాడు, పక్కవీధి బెంగాలీ కుర్రాడు వేరు తీసుకున్నాడు. ఇద్దరి మధ్యా జరిగిన రాయబారాలు శ్రీకృష్ణుడు కూడా నడిపి ఉండడు.

ఆ శిలాజాన్ని డెవాన్ అనే కంపెనీకి పట్టుకెళ్ళి ఇస్తే, వాళ్ళు దానికి ప్రాణం పోస్తారు. ఎంతసేపు పడుతుందనుకున్నారు? బయటికి వెళ్ళి మళ్ళీ లోపలికి వచ్చేంత సేపు. రాగానే చేతిలో పెడతారు. 70 సెంటీమీటర్ల పొడవు, పన్నెండున్నర కిలోల బరువు, పక్కలకు పొడుచుకొచ్చిన కళ్ళు, ముందు రెండు పెద్ద గోళ్ళు, ఒంటికి అటూ ఇటూ ఎనిమిది రెక్కలు. ఆ రెక్కలను అలల్లా ఆడిస్తూ ఆదిమ సముద్రంలో ఈదేదని ఆటలోని వివరణ.

ఇక్కడినుంచి మా ఊరి కథ మొదలవుతుంది. ఈ రూపం చూసినవాళ్ళకు గుర్తుకొచ్చే నిజం జంతువు ఒకటుంది, దాని పేరు అనోమలోకారిస్. సుమారు 50 కోట్ల 80 లక్షల ఏళ్ళనాటి రాళ్ళలో దొరికింది. చేపల రాజ్యం ఇంకా రాని ఆ రోజుల్లో సముద్రాన్ని ఏలిన వేటగాడు అది. దాన్ని పూర్తి జంతువుగా నిలబెట్టింది కేంబ్రిడ్జ్‌లోనే.

1892లో కెనడాలో వైటీవ్స్ అనే శాస్త్రవేత్త ఒక శిలాజానికి ఈ పేరు పెట్టాడు. వింత రొయ్య అని దాని అర్థం. తల లేని రొయ్య మొండెం అనుకున్నాడాయన. తల ఎంత వెతికినా దొరకలేదు. దొరకదు మరి, అది రొయ్యా కాదు, మొండెమూ కాదు. తర్వాత 1909లో వాల్కాట్ అనే అమెరికన్ అదే కొండల్లో బర్జెస్ షేల్ అనే రాతిపొరను కనుగొన్నాడు. దానిలో అడ్డంగా కోసిన అనాసపండు ముక్కలాగా, మధ్యలో రంధ్రంతో గుండ్రటి ముద్ర ఒకటి దొరికితే, 1911లో అది జెల్లీచేప అన్నాడు. మరో ముద్దలాంటి శిలాజాన్ని సముద్ర దోసకాయ జాతిలో వేశాడు. ఏనుగును తడిమిన గుడ్డివాళ్ళ కథ మనకు తెలిసిందే. కాకపోతే ఇక్కడ తడిమినవాళ్ళు సామాన్యులు కారు, వాళ్ళ కాలానికి మహాపండితులు.

1966లో హ్యారీ విట్టింగ్టన్ అనే ఆయన కేంబ్రిడ్జ్‌కు ఉడ్‌వార్డియన్ ఆచార్యుడిగా వచ్చి, ఈ బర్జెస్ షేల్ శిలాజాలన్నిటినీ మళ్ళీ మొదటినుంచీ చూడటం మొదలుపెట్టాడు. డెరెక్ బ్రిగ్స్, సైమన్ కాన్వే మోరిస్ అనే ఇద్దరు శిష్యులు తోడయ్యారు. పళ్ళ డాక్టరు వాడే డ్రిల్లు లాంటి సన్నటి పనిముట్టుతో రాతిని పొర పొరగా గీకుతూ పోతే, ఒక ముద్ద కింద ఆ 'జెల్లీచేప' బయటపడింది. దాని పక్కనే ఆ 'రొయ్యలు' రెండు. అన్నీ ఒకే ఒంటికి అతుక్కుని ఉన్నాయి! రొయ్య అనుకున్నది జంతువు ముందరి చెయ్యి, జెల్లీచేప అనుకున్నది దాని నోరు, సముద్ర దోసకాయ అనుకున్నది దాని ఒళ్ళు. 1985లో విట్టింగ్టన్, బ్రిగ్స్ కలిసి ఆ వ్యాసం ప్రచురించారు. ఆ తర్వాత కూడా సవరణలు ఆగలేదు. ఆ అనాస ముక్కలాంటి నోరు అనోమలోకారిస్‌ది కాదు, దాని దగ్గరి చుట్టానిదని 2012లో తేలింది. అంతకు ముందు ఏడాదే ఆస్ట్రేలియాలో దొరికిన కళ్ళను లెక్కపెడితే, ఒక్కో కంటికీ కనీసం 16,000 కటకాలున్నాయన్నారు.

ఇప్పుడు ఆటను మళ్ళీ తలచుకోండి. ఇసుకలో దొరికేది గోరు ఒక్కటే, దాని నుంచి మొత్తం జంతువు లేచి వస్తుంది. నిజంగానూ మొదట దొరికింది గోరే. ఆటలో బయటికి వెళ్ళి లోపలికి వచ్చేంతలో అయ్యే పని ఇక్కడ 1892 నుంచి 1985 దాకా, 93 ఏళ్ళు పట్టింది. నాకు అనోరిత్ అంత ఇష్టం కావడానికి కారణం ఇదే. పికాచు ముద్దుగా ఉంటుంది, కాదనను. కానీ ముద్దుగా ఉండేవి లోకంలో చాలా ఉన్నాయి. తొమ్మిదేళ్ళ పిల్లవాడి జేబులో ఒక శతాబ్దపు ఓపికను కూర్చోబెట్టినది మాత్రం ఇదొక్కటే.

ఇంకొక తమాషా. విట్టింగ్టన్ కూర్చున్న ఆ ఉడ్‌వార్డియన్ పీఠం మీదే 1818 నుంచి 1873 దాకా ఆడం సెడ్జ్‌విక్ ఉన్నాడు. కుర్రవాడైన డార్విన్‌ను 1831లో వేల్స్ కొండలకు తీసుకెళ్ళి రాళ్ళు చూపించిన గురువు ఆయనే. ఈ జంతువు బ్రతికిన కాలానికి 'కేంబ్రియన్' అని 1835లో పేరు పెట్టిందీ ఆయనే. మా ఊరి పేరు కాదండీ, వేల్స్‌కు లాటిన్ పేరు. మర్చిసన్‌తో కలిసి 1839లో మరో కాలానికి 'డెవోనియన్' అని పేరు పెట్టాడు, డెవాన్ జిల్లా పేరు మీద. ఆటలో శిలాజాలకు ప్రాణం పోసే కంపెనీ పేరు డెవాన్ అని ఇందాక చెప్పాను. ఆ కంపెనీ అధ్యక్షుడి పేరేమో మిస్టర్ స్టోన్. ఆట రాసినవాళ్ళకు హాస్యం తెలుసు.

సెడ్జ్‌విక్ పేరు మీద 1904లో తెరిచిన మ్యూజియం మా ఊళ్ళో డౌనింగ్ వీధిలో ఉంది. టిక్కెట్టు లేదు. ఆ వీధి దాటితే ఎదురుగా జంతుశాస్త్ర విభాగం. 2002లో ఆ విభాగానికి చెందిన ఆండ్రూ బామ్‌ఫర్డ్, మరి ముగ్గురు కలిసి 'సైన్స్' పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశారు. బ్రిటన్‌లో 109 మంది ప్రాథమిక పాఠశాల పిల్లలకు బొమ్మల కార్డులు చూపించి పేర్లడిగారు. కొన్ని ఇక్కడి సాధారణ జంతువులూ మొక్కలూ, కొన్ని పోకెమాన్లు. నాలుగేళ్ళ పిల్లలు నిజం ప్రాణుల్లో 32 శాతం గుర్తుపట్టారు, పోకెమాన్లలో 7 శాతమే. ఎనిమిదేళ్ళకు వచ్చేసరికి నిజం ప్రాణులు 53 శాతం, పోకెమాన్లు 78 శాతం! ఓక్ చెట్టునూ బ్యాడ్జర్‌నూ గుర్తుపట్టలేని పిల్లలు పోకెమాన్లను తడుముకోకుండా చెప్పారు.

చాలామంది దీన్ని పిల్లల మీద ఫిర్యాదుగా చదువుకున్నారు. ఆ వ్యాసం తప్పుపట్టింది పెద్దల్నే. పిల్లల బుర్రలో బోలెడు చోటుంది, నింపే పనిలో ప్రకృతి ప్రేమికులకంటే పోకెమాన్ వాళ్ళే ముందున్నారని దాని సారాంశం. ఇంగ్లీషువాళ్ళ సంగతి అలా ఉంచండి. మన సంగతి చూడండి. ఇంగ్లీషు తల్లిదండ్రులకు కనీసం ఓక్ చెట్టు తెలుసు. మా ఇంటి వెనక కంచెలో పూసే పూల పేర్లు ఇరవై ఏళ్ళున్నా నాకు రాలేదు. అక్కడివి మోదుగ, ఇప్ప, తంగేడు, పాలపిట్ట, గిజిగాడు నాకు తెలుసు, చూపిద్దామంటే ఇక్కడ లేవు. ఇక్కడివి కళ్ళెదుట ఉన్నాయి, చెబుదామంటే పేర్లు రావు. ఇలాంటి ఇంట్లో పుట్టిన పిల్లవాడికి పేరు పెట్టి పిలవగలిగిన జంతువులు వెయ్యి దొరికితే, వాటిని వాడు గుండెకు హత్తుకోడా?

2004 వేసవిలో మా బాపు మంచిర్యాల నుంచి వచ్చి రెండు నెలలున్నారు. బడిపంతులుగా రిటైరైన మనిషి. మనవడికి తెలుగు ముక్కలు ముక్కలుగా వచ్చు, ఆయన ఇంగ్లీషు పుస్తకంలోది. ఇద్దరూ ఒకే సోఫాలో కూర్చుని చెరొక వైపు చూసేవారు. ఓ శనివారం వాన. ఎటూ తోచక ఇద్దర్నీ సెడ్జ్‌విక్ మ్యూజియానికి తీసుకెళ్ళాను. మావాడు తిన్నగా కేంబ్రియన్ అర దగ్గరికి పోయి, "తాతా, నా అనోరిత్ ఈ టైమ్‌ది" అని చెప్పటం మొదలుపెట్టాడు. ఆయనకు ఎంత అర్థమైందో తెలియదు, తల ఊపుతున్నారు. కొంత దూరం పోయాక సుడులు తిరిగిన అమ్మొనైట్ల దగ్గర ఆయన ఆగిపోయారు. అద్దానికి ముఖం ఆనించి, "అరేయ్, ఇది మన దేవునర్రల సాలగ్రామం లెక్కనే ఉన్నదిరా!" అన్నారు.

ఉంటుంది మరి. గండకీ నదిలో దొరికే సాలగ్రామాలు అమ్మొనైట్ శిలాజాలే. మా ఇంట్లో తరతరాలుగా దానికి రోజూ అభిషేకం, తులసి, తీర్థం. ఆ సంగతి మనవడికి చెబితే వాడి కళ్ళు పెద్దవయ్యాయి. "మీ ఇంట్లో ఫాసిల్ ఉందా? రోజూ స్నానం చేయిస్తారా?" అని నిలదీశాడు. "చేపిస్తం బిడ్డా, పాలు గూడ పోస్తం" అన్నారాయన. అంతే, ఆ సాయంత్రం నుంచి సోఫాలో ఇద్దరూ ఒకే వైపు చూశారు. శిలాజం తాకితే దేవుడికి కోపం రాదా, దానికి ప్రాణం వస్తే ఏం తింటుంది, ఇలాంటి ప్రశ్నలు. వాటికి జవాబులు తెలుగులోనే చెప్పాలి, ఆయన దగ్గర ఇంకో భాష లేదు కనుక. నేను నాలుగేళ్ళు ఆదివారం బడికి తిప్పితే రాని మాటలు ఆ రెండు నెలల్లో వచ్చాయి. రాయి, పొర, నది, ఒండ్రు, గవ్వ, ఎముక.

ఆ తర్వాతి సెలవుల్లో హైదరాబాదు వెళ్ళినప్పుడు, బాపు వాణ్ణి బిర్లా సైన్స్ సెంటర్‌కు తీసుకెళ్ళి కోటసారస్‌ను చూపించారు. అది మా జిల్లాదే. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలవి. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన యాదగిరి 1988లో దానికి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. "మన ఊరి పేరు పెట్టుకున్న జంతువు" అని బాపు ఆ అస్థిపంజరం ముందు నిలబడి, అది తనే తవ్వినంత గర్వంగా చెప్పారట. యామన్‌పల్లి మా ఊరు కాదు, అయినా ఆ పూటకు అయింది.

మావాడి రూబీ ఆట ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. లోపలి బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది. ఆన్ చేస్తే ఆ సంగతి చెప్పి, గడియారంతో పనిలేని ఆట మాత్రం ఆడుకోనిస్తుంది. మొన్న క్రిస్మస్‌కు వచ్చినప్పుడు తెరిచి చూశాం. అనోరిత్ 71వ లెవెల్లో ఉంది. ఆట తెలిసిన పిల్లలకు ఇది వింతగా ఉంటుంది. 40వ లెవెల్ రాగానే అది ఆర్మాల్డో అనే పెద్ద జంతువుగా మారి, వెనక కాళ్ళ మీద నేల మీద నడవాలి. మారకుండా ఉండాలంటే మారబోయే ప్రతిసారీ బీ మీట నొక్కి ఆపాలి. అంటే ముప్ఫైకి పైగా లెవెళ్ళు, ప్రతి లెవెల్‌కూ ఒకసారి నొక్కాడన్నమాట. ఎందుకురా అని అడిగితే, "నిజంది ఎప్పుడూ నేల మీదికి రాలేదు కదా నాన్నా" అన్నాడు.