ఎముకలో జమాఖర్చు
(ఉగాది సభలో చేసిన ప్రసంగం)



పండుగపూట ఎముకల ప్రసక్తి ఏమిటని మీకు తోచవచ్చు. కామాటిపుర చాళ్లలో తెలంగాణా జిల్లాలనుండి వచ్చిన కుటుంబాలు అనేకం. నల్లగొండతో చుట్టరికం గలవారూ ఉన్నారు. ఈ మాటలు ముఖ్యంగా వారికోసం.

ఎముకను మనం ఇంటిదూలం వంటిదనుకుంటాం. దూలానికి ప్రాణం లేదు, ఎముకకు ఉన్నది. అందులో పాతదాన్ని కరగదీసే కణాలు వేరు, కొత్తది కట్టే కణాలు వేరు. కట్టిన గోడలోనే ఉండిపోయిన కణాలు మూడవరకం. ఎక్కడ బరువు పడుతున్నదో, ఎక్కడ పగులు పుట్టిందో కనిపెట్టి ఇవి మేస్త్రీలవలె పని పురమాయిస్తాయి. (కామాటిపని ఎరిగిన మనకు వేరే చెప్పాలా!) ఒంట్లో భాస్వరం ఎక్కువైతే, దాన్ని బయటికి తోయమని మూత్రపిండాలకు కబురు పంపేవి కూడా ఇవే.

ఇక కాల్షియం, అంటే సున్నపుపాలు. నెత్తురులో అది కాస్త తగ్గితే చాలు, మెడలోని నాలుగు చిన్న గ్రంథులు పసిగట్టి ఎముకనుండి అప్పు తెప్పిస్తాయి. గుండె కొట్టుకోవాలంటే ఆ సున్నం కావాలి గదా! శరీరానికి నెత్తురు లెక్క ముందు, ఎముక తర్వాత.

ఈ లెక్కలో దొంగవలె చొరబడేది ఫ్లోరైడు. నెల్లూరు జిల్లా రోగులను గురించి డాక్టర్లు 1937లోనే వ్రాశారు. లీటరు నీటిలో అది ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటరాదు. దాటిన నీరు ఏండ్లతరబడి తాగితే ఎముకలో కుదురుకొని, కట్టే కణాలను అదుపులేకుండా ఉసికొల్పుతుంది. ఎముక లావెక్కుతుంది, నాణ్యం చెడుతుంది, వెన్ను కొయ్యబారుతుంది. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో నల్లగొండ ప్రాంతంలో మోకాళ్లు లోపలికి వంగి ఒరుసుకొనే వ్యాధిని వర్ణించారు. ఆ రోగులలో ఎముక ఒకచోట గట్టిపడుతూ మరొకచోట గుల్లబారింది. తిండిలో సున్నం తక్కువైతే ఈ చెరుపు హెచ్చు.

నీటిని కాచి తాగితే చాలునని కొందరంటారు. కాచితే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడు పోదు, నీరు ఇగిరినకొద్దీ చిక్కబడుతుంది. పటిక, సున్నం కలిపి దాన్ని తేర్చే విధానాన్ని నాగపూరు శాస్త్రజ్ఞులు 1970లలో రూపొందించారు. దానికి ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరు వచ్చింది. అయితే పాళ్లు నీటినిబట్టి మారుతాయి, ఉజ్జాయింపుగా వేయరాదు. ఇప్పుడు కృష్ణనీరు గొట్టాలద్వారా చాలా ఊళ్లకు చేరింది. వంగిన ఎముక మాత్రం నీరు మారినంతనే నిటారు కాదు.

నాలుగురోజుల సెలవుకు ఊరు వెళ్లేవారు భయపడనక్కరలేదు. పసిపిల్లలను అవ్వాతాతల దగ్గర ఏండ్లతరబడి ఉంచేవారూ, పని విరమించి ఊరు చేరబోయేవారూ ఆ ఇంటి బోరునీటిని ముందుగా పరీక్ష చేయించండి.