బడికి వచ్చిన ఇంటర్నెట్టు – పంచాయతి బాధ్యత

(పంచాయతి సభ్యుల సమావేశమున గావించిన ప్రసంగ పాఠము)



మేము మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతమున ప్రభుత్వ పాఠశాలలలో పాఠములు చెప్పుకొనుచున్న ఉపాధ్యాయులము. మాలో పెక్కుమంది పలకా బలపముతో చదువు మొదలిడి, సుద్దముక్కతో ఉద్యోగము మొదలిడినవారము. నడివయస్సు దాటిన పిమ్మట కంప్యూటరు ముందు కూర్చుండి మరల అక్షరాభ్యాసము చేసికొంటిమి. ఆ విద్య మాకెట్లు వచ్చినది, అందు ఎచ్చట పొరపడితిమి, దానివలన పిల్లలకు దక్కినదేమి, దక్కనిదేమి – ఈ సంగతులను ఉన్నవి ఉన్నట్లు మీకు విన్నవించి, తుదకు మీరు చేయదగిన సాయమును కోరుటకై వచ్చితిమి.

మా ప్రాంతము

హైదరాబాదునకు ఉత్తరమున, నాగపూరు పోవు జాతీయ రహదారిపై మేడ్చల్ కలదు. కరీంనగరు పోవు రాజీవ్ రహదారిపై శామీర్‌పేట కలదు. ఒకప్పుడు ఈ రెండు దారుల పొడవునను ద్రాక్షతోటలు, కోళ్లఫారములు, కూరగాయల మళ్లు విరివిగా నుండెడివి. నేడు అనేక తావుల వాని స్థానమున ఇండ్ల ప్లాట్లు, గోదాములు, ఫ్యాక్టరీలు లేచినవి. శామీర్‌పేటలో నల్సార్ న్యాయశాస్త్ర విశ్వవిద్యాలయము కలదు. ఆ చేరువనే బిట్స్ పిలానీ వారి హైదరాబాదు ప్రాంగణము 2008లో ప్రారంభమైనది. తుర్కపల్లి పరిసరములలోని జీనోమ్ వ్యాలీలో టీకాలు, మందులు తయారగుచున్నవి. కోవిడు వ్యాధికి కోవాగ్జిన్ టీకా వెలువడినది అచ్చటినుండియే. 2016 అక్టోబరు 11న మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా ఏర్పడినది. తరువాతి కాలమున మా పల్లెలలో అనేకము పురపాలక సంఘములలో కలిసినవి.

ఇంతటి విజ్ఞానము గోడ ప్రక్కనే నిలిచి యున్నది. కాని మా బడికి వచ్చు పిల్లలెవరు? కోళ్ల షెడ్లలో పనిచేయువారి పిల్లలు, అపార్ట్‌మెంట్ల కాపలాదారుల పిల్లలు, ఇటుక బట్టీలకును కట్టడపు పనులకును పరరాష్ట్రములనుండి వచ్చిన కూలీల పిల్లలు. వీరిలో కొందరికి ఇంటి భాష తెలుగు కాదు. పెద్ద విద్యాలయపు గేటు ముందునుండి ప్రతిదినము నడచి వచ్చు ఈ బిడ్డకు, ఆ గేటు లోపలి విద్యలో చిటికెడైనను అందవలదా? మమ్ములను కంప్యూటరు ముందు కూర్చుండబెట్టినది ఈ ప్రశ్నయే.

ఇది నిన్నటి యోచన కాదు

దూరపు చదువును పల్లెకు తెచ్చుటకు మన దేశము ఏనాడో పూనుకొన్నది. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వరకు ‘సైట్’ అను పేర ఒక గొప్ప ప్రయోగము జరిగినది. అమెరికా వారి ఏటీఎస్–6 అను ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు టెలివిజను కార్యక్రమములు అందినవి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఉదయమున బడిపిల్లలకు పాఠములు, సాయంకాలమున పెద్దలకు వ్యవసాయము, ఆరోగ్యము. నలుగురును చేరు చోట ఊరికంతకు ఒకే టీవీ. ఏడాది గడువు తీరినంతనే ప్రయోగము ముగిసినది. పైనుండి వచ్చినది పైనుండియే ఆగిపోవచ్చునని, ఊరిలో నిలుచునది ఉపాధ్యాయుని నేర్పును, గ్రామస్థుల శ్రద్ధయు మాత్రమే యని దానివలన మనము గ్రహింపవచ్చును.

మన రాష్ట్రమున 2016 నవంబరు 16న ఉన్నత పాఠశాలలలో డిజిటల్ తరగతులు ప్రారంభమైనవి. 2017 సెప్టెంబరు 5న కేంద్ర ప్రభుత్వము వారి ‘దీక్ష’ వేదిక దేశమునకు అందినది. పాఠ్యపుస్తకములలో పాఠము మొదట నల్లని చుక్కల చదరపు గుర్తు నొకదానిని మీరు చూచియుందురు. ఫోను కెమెరాను దానిపై నిలిపినచో ఆ పాఠమునకు సంబంధించిన బొమ్మలు, వీడియోలు, ప్రశ్నలు ఫోనులో తెరచుకొనును. అది దీక్షకు ద్వారము.

మేము నేర్చుకొన్న తీరు

ద్వారము తెరచియున్నను లోనికి అడుగిడుటకు మాకు భయమే వేసినది. ఏ మీట నొక్కిన ఏమి చెడునో, పిల్లల యెదుట పరువు పోవునేమో యని జంకితిమి. సంకేతపదమును మరచిపోవుట, మరల క్రొత్తది పెట్టుకొనుట, దానిని హాజరుపట్టిక అట్ట వెనుక వ్రాసికొనుట – ఇట్లు కొన్ని నెలలు గడచినవి. పిమ్మటగాని అట్లు వ్రాసి పెట్టుకొనుట తాళముచెవిని తలుపునకే వ్రేలాడగట్టుట వంటిదని తెలియలేదు.

తెలుగు వ్రాత రెండవ చిక్కు. బజారున పాత ఫాంటులో కొట్టించిన ప్రశ్నపత్రము మరియొక కంప్యూటరులో తెరచినచో అక్షరములన్నియు గజిబిజి గీతలై కనబడెడివి. యూనికోడు పద్ధతిలో వ్రాసిన తెలుగు ఏ ఫోనునందైనను, ఏ కంప్యూటరునందైనను ఒకే తీరున కనబడునని తెలిసికొని, నాటినుండి మా పత్రములను మేమే వ్రాసికొనుట మొదలిడితిమి. మొదటి పత్రమునకు రెండు రాత్రులు పట్టినది. మాకు ఒత్తులు వ్రాయుట నేర్పినది తొమ్మిదవ తరగతి బాలిక. ఆ సంగతి చెప్పుకొనుటకు మాకు సిగ్గు లేదు. విద్యార్థివద్ద నేర్చుకొన్న గురువును చూచి తక్కిన పిల్లలకు అడుగుటకు ధైర్యము కలిగినది.

ఇక మా పొరపాటు. మాలో ఒకరు విజ్ఞానశాస్త్రమున రక్తప్రసరణము గూర్చిన చక్కని వీడియోను తెరపై వేసి, పీరియడు పూర్తియగువరకు చూపిరి. పిల్లలు కదలక మెదలక చూచిరి. పాఠము బ్రహ్మాండముగా సాగినదని మురిసిపోయి, చివర ఒక చిన్న ప్రశ్న వేసిరి: “గుండెకు కుడివైపున చేరు రక్తము ఎచ్చటినుండి వచ్చును?” ఒక్క చేయియు లేవలేదు. మరునాడు అదే వీడియోను రెండేసి నిమిషముల ముక్కలుగా ఆపి ఆపి, నల్లబల్లపై బొమ్మ వేయించి, ప్రశ్నలు వేయుచు చూపినపుడు సగము తరగతికి పైగా చేతులెత్తినది. బొమ్మ మారలేదు, పాఠము చెప్పిన తీరు మారినది. యంత్రము చూపగలదు. బిడ్డ ముఖమును చూచి, అర్థమైనదా కాలేదా యని గ్రహించువాడు మాత్రము ఉపాధ్యాయుడే.

కోవిడు దినములలో

2020 మార్చిలో బడులు మూతపడినవి. ఆ సంవత్సరము సెప్టెంబరు 1నుండి దూరదర్శన్ యాదగిరి, టీ–శాట్ ప్రసారముల ద్వారా టీవీ పాఠములు ఆరంభమైనవి. ఏ బిడ్డకు ఏమి కలదో తెలిసికొనుటకు మేము ఇంటింటికి తిరిగి, పట్టిక నొకదానిని వ్రాసితిమి. మొదటి గడి: టీవీ యున్న ఇల్లు. రెండవ గడి: ఇంటర్నెట్టు గల ఫోను ఉన్న ఇల్లు. మూడవ గడి: ఏదియు లేని ఇల్లు.

రెండవ గడిలోని కిటుకు మాకు వారము దినములకుగాని తెలియలేదు. ఫోను ఉన్నది, కాని అది తండ్రి జేబులో ఉన్నది. తండ్రి తెల్లవారకముందే పనికి పోయి, చీకటి పడిన తరువాత వచ్చును. పగలు మేము పంపిన పాఠము బిడ్డకు చేరుటలేదు. అది గ్రహించి మా పని వేళను మార్చుకొంటిమి. రాత్రి ఎనిమిది దాటిన పిమ్మట చిన్న చిన్న పాఠములను మా గొంతుతో చెప్పి పంపితిమి. ఎక్కువ డేటా ఖర్చు కాకుండ వీడియోలకు బదులు మాటలు, ఒక్కొక్క బొమ్మ. జవాబులు రాత్రి తొమ్మిదిన్నరకు వచ్చెడివి. వెనుకనుండి తల్లి గిన్నెలు కడుగు చప్పుడు వినబడెడిది.

మూడవ గడివారికి మా నేర్పు ఏమియు చేయలేకపోయినది. అచ్చట ఆదుకొన్నది పంచాయతియే. ఒక గ్రామమున పంచాయతి వారు తమ కార్యాలయములోని టీవీని పాఠముల వేళ పిల్లలకు విడిచి, దూరదూరముగా చాపలు పరపించిరి. ఆ ఊరి పిల్లలు బడి తెరచిన నాడు పుస్తకములోని పుటను తామే చూపగలిగిరి. అట్టి వసతి లేని ఇటుక బట్టీలో ఒక బాలిక మాకు గుర్తున్నది. మూడవ గడిలో ఆమె పేరు వ్రాసికొంటిమి. నాలుగు పర్యాయములు పుస్తకములు పట్టుకొని పోతిమి. ఐదవ పర్యాయము పోవునప్పటికి బట్టీ మూతపడినది, కుటుంబము వెడలిపోయినది. 2021 సెప్టెంబరు 1న బడులు పూర్తిగా తెరచినపుడు హాజరుపట్టికలో ఆమె పేరు పిలిచితిమి. పలుకు రాలేదు. ఆ నిశ్శబ్దమే నేడు మమ్ములను మీ ముందు మాటాడించుచున్నది.

కుంట చెప్పిన పాఠము

మంచి మాటయు నొకటి చెప్పవలయును. ఇస్రో వారి ‘భువన్’ అను పటముల వేదిక 2009నుండి అందరకును ఉచితముగా లభించుచున్నది. దానిని నడుపు జాతీయ దూరగ్రాహక కేంద్రము మన హైదరాబాదు బాలానగరుననే కలదు. ఒకనాడు సాంఘికశాస్త్రపు తరగతిలో దానిని తెరచి, ఉపగ్రహము తీసిన చిత్రములో మొదట శామీర్‌పేట పెద్దచెరువును, పిమ్మట మా బడికి చేరువలోని చిన్న కుంటను చూపితిమి. తమ ఊరిని ఆకాశమునుండి చూచిన పిల్లల ఆనందము ఇంతయని చెప్పరాదు.

అంతలో ఒక బాలుడు లేచి, “సార్, కుంట కనబడుచున్నది గాని, దానిలోనికి నీరు వచ్చు దారి ఏది?” అని అడిగినాడు. మాకును తెలియదు. శనివారమునాడు తరగతిని వెంటబెట్టుకొని గట్టుపై నడచితిమి. పాత కాలువ కొంత మేర ముళ్లకంపలతోను, కొంత మేర చెత్తతోను పూడియున్నది. పిల్లలు కొలతలు వేసి, చేతితో పటము గీచి, ఊరి పెద్దల నడిగి పాత దారిని గుర్తించి, ఆ కాగితమును స్థానిక సంస్థకు అందజేసిరి. ముందటి వానకాలమునకు చెత్త తొలగినది. వెబ్ పరికరమువలన కలుగు అసలు లాభము ఇదియే యని మాకు తోచినది: తెరపై మొదలైన ప్రశ్న పిల్లలను పొలము గట్టునకు నడిపించి, ఊరికి పనికివచ్చు పనిగా మారినది. పంచాయతుల కొరకే భువన్‌లో ఒక ప్రత్యేక విభాగము కలదు గనుక మీరును దానిని తెరచి చూడగలరు.

కొన్ని జాగ్రత్తలు

ఇంటర్నెట్టు సంత వంటిది. మేలు సరకును కలదు, కల్తీ సరకును కలదు. అందు చూచిన సంగతిని పుస్తకముతో సరిచూడక పిల్లలకు చెప్పరాదను నియమమును మేము పెట్టుకొంటిమి. పిల్లల ఫోటోలు, పేర్లు, ఫోను నంబర్లు అందరు చూచు తావున పెట్టుట తగదు. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పిల్లల వివరములు సేకరించుటకు తల్లిదండ్రుల సమ్మతిని కోరుచున్నది. ఎవరైనను ఫోను ద్వారా డబ్బు పోగొట్టుకొన్నచో వెంటనే 1930 నంబరునకు తెలుపవలయును. ఈ మాటను గ్రామసభలో ఒకసారి చెప్పినను పెక్కు కుటుంబములకు మేలగును.

మా మనవి

ఇక పంచాయతి సభ్యులు చేయదగిన పనులు. ఇవి పెద్ద నిధులు కోరునవి కావు, శ్రద్ధ కోరునవి.

ఒకటి – బడిలో కంప్యూటరు గదికి వైరింగు, ఎర్తింగు సరిగా నున్నవా, కిటికీలకు ఊచలు, తలుపునకు గట్టి తాళము కలవా యని నెలకొకసారి చూడుడు. ప్రభుత్వ విద్యాసంస్థల కరెంటు ఖర్చును 2024 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వము తనపై వేసికొన్నది. కాని కాలిన స్విచ్చిని మార్చుటకు రాజధానినుండి ఎవరును రారు.

రెండు – భారత్‌నెట్, టీ–ఫైబర్ పథకముల క్రింద పంచాయతి కార్యాలయమునకు కేబులు వచ్చియున్నచో, దానిని బడివరకు పొడిగించుటకు సంబంధిత అధికారులకు తీర్మానము చేసి పంపుడు.

మూడు – కార్యాలయమునగాని గ్రంథాలయమునగాని సాయంకాలము రెండు గంటలు, పెద్దవారి పర్యవేక్షణలో, ఫోను లేని పిల్లలకు చదువుకొను వసతి కల్పింపుడు. ఆడపిల్లలు భయము లేక రాగలుగునట్లు వెలుతురును, తోడును ఉండవలయును.

నాలుగు – బట్టీలకును కట్టడములకును క్రొత్తగా వచ్చిన కుటుంబముల పిల్లల పేర్లను మీ వార్డులవారీగా వ్రాసి మాకు అందింపుడు. వెడలిపోవునపుడును తెలుపుడు. పోవు ఊరి బడికి మేము ముందుగా కబురు పంపగలము.

ఐదు – 2024లో ప్రతి బడికి ఏర్పడిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలోని తల్లులతో కలిసి కూర్చుండుడు. ఏ యంత్రము పనిచేయుచున్నది, ఏది మూలబడినది యని ఒక చిన్న రిజిస్టరు ఉంచుడు. పాడైన నాడే వ్రాసినచో బాగుచేయుట సులభము. ఏడాది తరువాత అది ఇనుప సామానుల కొట్టునకే తగును.

మిత్రులారా, మా ప్రాంతమున పంచాయతి బోర్డులు తొలగి పురపాలక సంఘముల బోర్డులు వెలసినను, బడిలో ఆ పిల్లలే యున్నారు, వారి అవసరములును అవియే. మీ గ్రామములకు పట్టణము చేరకముందే, మీ చేతిలో అధికారము ఉండగానే, బడి పునాదిని గట్టిచేసికొనుడు. నేర్చుకొనుటకు మా వయస్సు మాకు అడ్డు రాలేదు. సాయము చేయుటకు మీ తీరికలేమి మీకు అడ్డు రాకుండుగాక. రాబోవు ఏట హాజరుపట్టికలో మేము పిలుచు ప్రతి పేరునకు “ఉన్నాను సార్” అను పలుకు వినబడవలయునని మా కోరిక. అందుకు మీరును మేమును కలిసి పనిచేయుదము.