వార్ధక్యమున మెల్లని వ్యాయామము



మన శంషాబాదు ప్రాంతమున ముసలితనపు దినచర్య మాఱినది. పూర్వము వయసు మీఱిన రైతు సైతము గట్టులెక్కుచు దిగుచు, వంగి కలుపు తీయుచు, తనకు తెలియకయే దేహమునకు అభ్యాసము కల్పించుచుండెను. 2008 మార్చిలో తెరవబడిన విమానాశ్రయమునకు 5,000 ఎకరములకు మించిన నేల పట్టినది. చేలతో పాటు ఆ అభ్యాసమును పోయినది. పలువురు పెద్దలకు అరుగు మీద కూర్చుండుటయే పనియైనది.

మనుష్యుని పడకుండ నిలుపునవి ముఖ్యముగా మూడు: కన్ను, లోచెవి, అరికాలి స్పర్శ. వయసుతో ఇవి మందగించును. తొడల కండలు సన్నగిల్లును. అప్పుడు తడి గచ్చుపై కాలు జాఱిన దేహము నిలద్రొక్కుకొనలేదు. తుంటి యెముక విఱిగెనా, నిన్నటి దాక ఇల్లు నడపిన పెద్ద నేడు మంచినీళ్లకైనను ఒకరిని పిలువవలసివచ్చును. ఇది విధివ్రాత యని ఊరకుండుట తగదు.

చీనా దేశమున హెనాన్ రాష్ట్రములో చెన్ వంశీయుల పల్లెయందు 17వ శతాబ్దమున పుట్టినదని చెప్పబడు తాయ్ చీ యను సాధన కలదు. మోకాళ్లు కొంచెము వంచి, దేహభారమును ఒక కాలినుండి వేఱొక కాలికి మెల్లగా మార్చుచు, నడుము త్రిప్పుచు, చేతి వెంట చూపు సాగించుటయే దాని పద్ధతి. పడిపోవు భయమున్న 70 ఏండ్లు దాటిన 670 మందిని అమెరికాలో పరీక్షింపగా, కండరములను సాచు వ్యాయామము మాత్రము చేసినవారితో పోల్చిన, ఈ సాధన చేసినవారు పడుట సగమునకు పైగా తగ్గెనని 2018లో ప్రకటించిరి. వ్యాయామమును శక్తిలో సగము వఱకే చేయవలెనని మన సుశ్రుతుడును విధించెను. మెల్లదనము లోపము కాదని దీనివలన తెలియుచున్నది.

గురువు దొరకకున్నను మొదలిడవచ్చును. గోడ ప్రక్కను, పొడినేలపై నిలువుడు. ఒక చేయి గోడకానించి, బరువంతయు ఒక కాలిపై మోపి పది లెక్కించుడు. పిదప రెండవ కాలిపై. అటుపై మడమ ముందు మోపి, నెమ్మదిగా పది అడుగులు వేయుడు. ఊపిరి బిగబట్టరాదు. తల తిరుగువారును, శస్త్రచికిత్స పొందినవారును వైద్యుని అడిగి చేయవలెను. 65 ఏండ్లు దాటినవారు వారమునకు మూడు దినములైనను నిలుకడను, బలమును పెంచు వ్యాయామము చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినది.

రాత్రివేళ ఎవ్వరిని లేపక మంచము దిగి, గడప దాటి రాగలుగుట వృద్ధునకు గొప్ప భాగ్యము. దానిని నిలుపుకొనుటకు దినమునకొక పావుగంట వెచ్చింపుడు.